ప్లౌ లేన్: ఒక మైదానం, రెండు క్లబ్బులు

వింబుల్డన్ అనగానే మనకు గుర్తుకు వచ్చేది టెన్నిస్. కాని దక్షిణ లండన్‌లోని ఆ పేటకు తనదైన ఫుట్‌బాల్ క్లబ్బు కూడా ఒకటి ఉండేది. ఉండేది అనాలో ఉంది అనాలో అంత సులువుగా తేలదు. ఆ రెండు క్రియల మధ్య నడిచిన తగాదాయే ఈ వ్యాసానికి విషయం.

కామర్సు చదివినవాళ్ళంతా గుడ్‌విల్ అనే అధ్యాయం దాటి వచ్చినవాళ్ళే. దానికి పాఠ్యపుస్తకాలు ఇచ్చే పాత నిర్వచనం 1810లో లార్డ్ ఎల్డన్ అనే ఇంగ్లీషు న్యాయాధీశుడు ఒక తీర్పులో చెప్పినది. పాత ఖాతాదారులు పాత చోటికే మళ్ళీ వస్తారన్న సంభావ్యతే గుడ్‌విల్ అని దాని సారాంశం. పరీక్షకు బట్టీపట్టి మరచిపోయే వాక్యమిది. ఇందులో పాత మనుషులూ, పాత చోటూ రెండూ ఉన్నాయన్న సంగతి వింబుల్డన్ క్లబ్బు చరిత్ర చదివితే బోధపడుతుంది.

1889లో ఓల్డ్ సెంట్రల్ అనే బడి పూర్వ విద్యార్థులు దీన్ని స్థాపించారు. మొదట్లో ఊరుమ్మడి బయలులో ఆడేవారు. 1912లో ప్లౌ లేన్ అనే వీధి మూలనున్న నీరు నిలిచే ఖాళీ స్థలానికి చేరారు. అక్కడ డెబ్బై తొమ్మిదేళ్ళు ఉన్నారు. చాలాకాలం జీతం లేని ఆటగాళ్ళ జట్టే. 1963లో వెంబ్లీలో అమెచ్యూర్ కప్పు గెలిచారు. ఆ ఆటలో ఎడ్డీ రెనాల్డ్స్ అనే ఆయన నాలుగు గోల్సూ తలతోనే కొట్టాడు. మరుసటి ఏడు వృత్తి క్లబ్బుగా మారారు. 1977లో ఫుట్‌బాల్ లీగులో ప్రవేశం దొరికింది, అదీ అడుగు మెట్టున. అక్కడినుంచి తొమ్మిదేళ్ళలో, 1986కల్లా, మొదటి డివిజన్‌కు ఎక్కారు. 1988 మే 14న ఎఫ్.ఏ. కప్పు ఫైనల్లో, ఆ కాలపు మహాజట్టయిన లివర్‌పూల్‌ను ఒక్క గోలుతో ఓడించారు. లారీ సాంచెజ్ గోలు కొడితే, గోల్‌కీపర్ డేవ్ బీసెంట్ పెనాల్టీ ఆపాడు. వెంబ్లీలో జరిగిన కప్పు ఫైనళ్ళలో పెనాల్టీ ఆపగలగడం అదే మొదటిసారి.

కప్పు గెలిచిన ఏడాదికే, 1989 ఏప్రిల్‌లో, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో తొక్కిడి జరిగింది. దాని వల్ల మరణించినవారు 97 మంది. 1990 జనవరిలో వచ్చిన టేలర్ నివేదిక పై డివిజన్ల మైదానాలన్నిటిలోనూ ప్రేక్షకులు నిలబడే గ్యాలరీలు తీసేసి కుర్చీలు వేయాలని చెప్పింది. ప్లౌ లేన్‌ను అలా మార్చడం సాధ్యం కాదని యాజమాన్యం తేల్చింది. 1991లో జట్టును కొన్ని మైళ్ళ దూరంలోని సెల్‌హర్స్ట్ పార్కుకు, అంటే క్రిస్టల్ ప్యాలెస్ అనే ఇరుగుపొరుగు క్లబ్బు ఇంటికి, అద్దెకు తీసుకుపోయారు. తాత్కాలికం అన్నారు. ఆ తాత్కాలికం పన్నెండేళ్ళు సాగింది.

నా దృష్టిలో అసలు కథ ఇంకొంచెం వెనక, దస్తావేజులో ఉంది. 1959లో నాటి అధ్యక్షుడు సిడ్నీ బ్లాక్ ఈ స్థలాన్ని పురపాలక సంఘం దగ్గర ఎనిమిదివేల పైచిలుకు పౌండ్లకు కొని క్లబ్బుకు ఇచ్చాడు. అమ్మేటప్పుడు సంఘం ఒక షరతు పెట్టింది. స్థలం ఆటలకు కాకుండా మరొకదానికి వాడదలిస్తే దాన్ని తిరిగి కొనుక్కునే హక్కు సంఘానిదే అని. ఆ ఒక్క షరతు ఉన్నంతకాలం ఆ నేల ఖరీదు ఆటస్థలం ఖరీదే. 1981లో క్లబ్బు కొన్న లెబనాన్ వ్యాపారి శామ్ హమ్మామ్ హయాంలో, సంఘానికి డబ్బు కట్టి ఆ షరతు తీయించుకున్నారు. చట్టం ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కాని టైటిల్ డీడ్‌లో షరతు పోయిన మరుక్షణం ఆ నేల లండన్‌లో ఇళ్ళు కట్టుకోదగిన స్థలం అయింది. తాకట్టు పత్రాలు చదవడం వృత్తిగా ఉన్న మావంటివాళ్ళకు ఆ తరువాత ఏమౌతుందో ఊహించడం కష్టం కాదు. 1998లో సేఫ్‌వే అనే సూపర్‌మార్కెట్ సంస్థకు అమ్మేశారు. ఇరుగుపొరుగువారు అడ్డుపడటంతో అంగడి రాలేదు. 2002లో పాత గ్యాలరీలు పడగొట్టారు.

ఇల్లు అమ్ముకుని అద్దెకున్న జట్టుకు నష్టాలు రాక మానవు. ఒక దశలో హమ్మామ్ జట్టును ఐర్లండ్‌లోని డబ్లిన్‌కు తరలిద్దామని కూడా చూశాడు. 1997లో ఇద్దరు నార్వే వ్యాపారులు క్లబ్బు కొన్నారు. 2000 మే 14న, అంటే కప్పు గెలిచిన పన్నెండేళ్ళకు సరిగ్గా అదే తేదీన, పై డివిజన్ నుంచి జారిపోయారు. 2001 ఆగస్టులో ఛైర్మన్ చార్లెస్ కాపెల్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలిస్తామని ప్రకటించాడు. అది లండన్‌కు ఉత్తరాన, 1967లో ప్రణాళిక వేసి కట్టిన కొత్త పట్టణం. జనం ఉన్నారు, స్థలం ఉంది, లీగు క్లబ్బు లేదు. పాత మైదానానికి దాని దూరం యాభై మైళ్ళ పైమాటే.

క్లబ్బులు చోటు మారడం అంతకుముందు లేదని కాదు. 1913లో ఆర్సెనల్ వూలిచ్ వదిలి థేమ్స్ దాటి హైబరీకి పోయింది. అయినా లండన్ దాటలేదు. అమెరికాలో బ్రూక్లిన్ డాడ్జర్స్ అనే బేస్‌బాల్ జట్టు 1957 సీజను ముగిశాక దేశం ఆ చివరన లాస్ ఏంజెలిస్‌కు పోయింది. అమెరికావారు దాన్ని వ్యాపార హక్కు బదిలీగా భరించారు. ఇంగ్లండ్‌లో మాత్రం పేటకూ క్లబ్బుకూ ఉన్న ముడిని అలా కోసేయడం తెలియదు. లీగు వద్దంది. చివరికి ముగ్గురు సభ్యుల కమిషన్ వేశారు. 2002 మే 28న ఇద్దరు ఔనని, ఒకరు కాదని తీర్పిచ్చారు. తరలించకపోతే క్లబ్బు దివాలా తీస్తుందన్నది అధికసంఖ్యాకుల వాదన. పేటలో అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు అనుకూలం కాదని కూడా నివేదికలో రాశారు. నష్టాలు నిజమే. అయితే నష్టానికి మూలం జట్టుకు సొంత నేల లేకపోవడం, నేల లేకపోవడానికి కారణం పేట జనం కారు. లెక్క చూసినవారు చివరి వరుస చూశారు గాని, ఆస్తిఅప్పుల పట్టీని పాతికేళ్ళు వెనక్కి తిప్పి చూడలేదని నా అభిప్రాయం.

తీర్పు వచ్చిన కొద్దిరోజుల్లోనే అభిమానులు ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అనే క్లబ్బు పెట్టారు. 1889లో పూర్వీకులు ఆడిన ఆ ఊరుమ్మడి బయలులోనే జూన్‌లో ఆటగాళ్ళ ఎంపిక పెడితే 230 మంది వచ్చారు. ఇంగ్లీషు ఫుట్‌బాల్‌లో తొమ్మిదో మెట్టున, పక్కనున్న కింగ్స్టన్‌లోని కింగ్స్‌మెడో మైదానంలో మొదలుపెట్టారు. అక్కడికి ఆటకు సగటున మూడువేల పైన జనం వచ్చారు. అదే ఏడాది అక్టోబరులో, ఏడు మెట్లు పైనున్న అసలు క్లబ్బు సెల్‌హర్స్ట్ పార్కులో రోథర్‌హామ్‌తో ఆడితే వచ్చినవారు 849 మంది. ఎల్డన్‌గారి నిర్వచనాన్ని అంకెల్లో ఇంతకంటె స్పష్టంగా ఎవరూ వేసి చూపలేరు. లీగు స్థానం, ఆటగాళ్ళ ఒప్పందాలు, కంపెనీ రిజిస్ట్రేషన్, అన్నీ ఒకచోట. ఖాతాదారులు మరొకచోట.

అసలు క్లబ్బు 2003 జూన్‌లో నిర్వాహకుల చేతికి పోయి, సెప్టెంబరులో మిల్టన్ కీన్స్‌లోని హాకీ స్టేడియంలో తొలి ఆట ఆడింది. 2004లో పేరు మిల్టన్ కీన్స్ డాన్స్ అయింది. మరి 1988 కప్పు ఎవరిది? కంపెనీ చట్టం అడిగితే వారసుడిదే. కాని 2006లో అభిమాన సంఘాలతో ఒప్పందం కుదిరింది. 2004కు ముందు చరిత్ర తమది కాదని కొత్త క్లబ్బు ఒప్పుకుంది. 2007 ఆగస్టులో ట్రోఫీలు, జ్ఞాపికలు వింబుల్డన్ ఉన్న మెర్టన్ పురపాలక సంఘానికి అప్పజెప్పింది. చరిత్ర అనే ఆస్తిని ఒక సంస్థ తన పుస్తకాల్లోంచి స్వయంగా కొట్టివేసిన సందర్భాలు అరుదు. ఇందుకు మిల్టన్ కీన్స్‌వాళ్ళను మెచ్చుకోవాలి.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మనకు ఇటువంటి తగాదా కొత్తగా తోచదు. 1936లో పర్లాకిమిడి పట్టణం ఒరిస్సాలో చేరింది, 1953లో బళ్ళారి మైసూరులో చేరింది. అక్కడి తెలుగువారు ఉన్నచోటునుంచి అడుగు కదలలేదు, చిరునామాలో రాష్ట్రం మారింది. వింబుల్డన్‌వారి సంగతి దీనికి తలకిందులు. జనం పేటలోనే ఉన్నారు, పేరు మూటగట్టుకుని పోయింది. ఫుట్‌బాల్‌లో మన దగ్గరా ఇది లేకపోలేదు. 2019లో పుణే క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. పుట్టింది. 2022లో ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. 2025లో ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. రహీమ్‌గారి శిక్షణలో హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన నగరంలో ఇది ఆరేళ్ళ ముచ్చటయింది. పుణే వెళ్ళిపోయినప్పుడు హైదరాబాద్‌లో ఎవరూ బాధపడలేదన్నది కూడా రాసుకోవాలి.

ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ తొమ్మిదేళ్ళలో ఐదు మెట్లు ఎక్కి 2011లో ఫుట్‌బాల్ లీగులోకి తిరిగి వచ్చింది. పాత మైదానానికి సుమారు 250 గజాల దూరంలో, కుక్కల పందేల స్టేడియం ఉన్న స్థలంలో సొంత మైదానం కట్టడానికి పూనుకున్నారు. డబ్బు చాలలేదు. 2020 మొదట్లో బాండ్లు తెచ్చారు. ఎన్నేళ్ళకు ఇస్తారో, ఎంత వడ్డీ కావాలో, అసలు వడ్డీయే వద్దో అప్పిచ్చేవాళ్ళే ఎంచుకోవచ్చు. యాభై లక్షల పౌండ్లకు పైగా సమకూరింది. వడ్డీరేటు ఋణదాత దయ మీద వదిలిన అప్పుపత్రం నా ఉద్యోగ జీవితంలో ఎదురుకాలేదు.

దీనికి ఇంకో పార్శ్వం ఉంది, అభిమానులు తక్కువగా చెప్పుకునేది. కింగ్స్‌మెడో అంతకుముందు కింగ్స్టోనియన్ అనే చిన్న క్లబ్బు ఇల్లు. ఆర్థికంగా చితికిన ఆ క్లబ్బు, ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ ఆ మైదానం కొన్నాక అందులోనే అద్దెకు ఉండిపోయింది. సొంత మైదానం కట్టుకోవడానికి డబ్బు కావలసి వచ్చి వింబుల్డన్‌వారు కింగ్స్‌మెడోను చెల్సీకి అమ్మారు. కింగ్స్టోనియన్‌కు కొంత సొమ్ము ఇచ్చారు గాని, 2017లో వాళ్ళు ఊరు విడిచి పరాయి మైదానాలు చూసుకోవలసి వచ్చింది.

కొత్త ప్లౌ లేన్‌లో తొలి ఆట 2020 నవంబరు 3న డాన్‌కాస్టర్‌తో జరిగి 2-2తో ముగిసింది. కోవిడ్ కారణంగా గ్యాలరీల్లో జనాన్ని అనుమతించలేదు. పాత మైదానం స్థలంలో ఫ్లాట్లు లేచాయి. ఆ సముదాయానికి 1963లో తలతో నాలుగు గోల్స్ కొట్టిన రెనాల్డ్స్ పేరు పెట్టారు.