పట్టుకున్న చెయ్యి ఎప్పుడు వదలాలి? గుడ్లవల్లేరు నేపథ్యంలో తరగతి సహాయకుల పాత్ర

మన బడుల్లో 'స్కూల్ అసిస్టెంట్' అంటే హైస్కూల్లో పాఠం చెప్పే ఉపాధ్యాయుడు. కనుక 'తరగతి సహాయకులు' అనగానే ఎవరి గురించో ముందే తేల్చుకోవాలి. ప్రత్యేక అవసరాలు గల పిల్లల పక్కన బడి వేళంతా తోడుండే మనిషి గురించి ఈ వ్యాసం. ఆ పేరుతో పోస్టు వెతికితే దొరకడం కష్టం. పని మాత్రం రోజూ జరుగుతూనే ఉంటుంది.

సమగ్ర శిక్ష కింద ఈ పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో బోధన ఐఈఆర్‌పీలది (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లది), వ్యాయామం ఫిజియోథెరపిస్టుది. బాత్‌రూముకు తీసుకెళ్ళడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం ఆయాది. మామూలు బడిలో చేరిన పిల్లలకైతే ఆ పని అమ్మో, నాయనమ్మో, పక్క బెంచీ పిల్లలో చేస్తారు. గుడివాడ–మచిలీపట్నం రైలు దారిలో ఉన్న గుడ్లవల్లేరు చుట్టూ అన్నీ వరి పొలాలే. నాట్ల రోజుల్లో తల్లి కూలికి వెళితే పిల్లవాడి బడి ఆగిపోవచ్చు. ఎస్కార్ట్ అలవెన్సు ఉంది, నిజమే. అది బడి గడప దాకా తెచ్చే మనిషికి. గడప లోపలి గంటలకు కాదు.

చట్టం సంగతి చూస్తే, 1995 దివ్యాంగుల చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 గుర్తించింది. దాని 17వ సెక్షన్ ఉపాధ్యాయులతో పాటు సహాయక సిబ్బందికీ శిక్షణ ఇవ్వాలంటుంది. 2021లో రజనీశ్ కుమార్ పాండే కేసులో సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో ఇలాంటి పిల్లలు 10 మందికి, ఆపైన 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని మధ్యంతర కొలత పెట్టింది. ఆ లెక్క టీచర్లది. ఆయా ఆ లెక్కలోకి రాదు.

అయితే మనుషుల్ని పెంచితే చాలా? 2009లో పీటర్ బ్లాచ్‌ఫర్డ్ బృందం ఇంగ్లండ్, వేల్స్ బడులపై ఇచ్చిన నివేదిక ఇబ్బందికరమైన మాటే చెప్పింది: సహాయకుల తోడు ఎక్కువ దొరికిన పిల్లలు, అలాంటి స్థితిలోనే ఉండి తోడు తక్కువ దొరికిన వారికంటే చదువులో వెనకబడ్డారు. తప్పు సహాయకులది కాదు. టీచరుతో ముందుగా మాట్లాడుకునే వీలే వాళ్ళలో చాలామందికి లేదు. పిల్లలు నేర్చుకోవడం కన్నా, ఇచ్చిన పని పూర్తి కావడం మీదే ధ్యాస.

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప 'అ' దిద్దుతోందనుకుందాం. పలక జారుతోంది. ఆయా ప్రేమగా పాప చెయ్యి పట్టుకుని దిద్దిస్తుంది. అక్షరం గుండ్రంగా వచ్చింది, కానీ రాసింది ఆయా. పలక కింద తడిగుడ్డ వేసి, మోచేతికి మాత్రం ఆసరా ఇచ్చి, గీత వంకరపోయినా ఊరుకుంటే అప్పుడు రాసింది పాప. ఫిజియో వచ్చిన రోజున ఆయాను పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకుంటే ఈ తేడా చేత్తో చూపించొచ్చు. నా దృష్టిలో కొత్త పోస్టుకన్నా ముందు కావలసింది ఆ పది నిమిషాలే.

మధ్యాహ్న భోజనం దగ్గరా ఇదే చిక్కు. కలిపి పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. పాప తనంతట తను తినాలంటే అరగంట పడుతుంది, సగం మెతుకులు గౌను మీద. ఈలోగా బెల్లు కొడతారు.