కాపలావాడి గ్రహం

కువైట్‌లోని అహ్మదిలో రాత్రి కాపలావాణ్ణి హారిస్ అంటారు. కడప వైపు నుంచి వచ్చి ఆ పని చేసే మనవాళ్లకు పగలు నిద్ర, రాత్రి ఫ్లాస్కులో టీ. అలాంటి కాపలావాడొకడు కూర్చున్నచోటే కథల్లో గ్రహాలకు గ్రహాలు అల్లాడు. పేరు హెచ్. బీమ్ పైపర్. ఊరు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆల్టూనా. పుట్టింది 1904లో. కాలేజీ గడప తొక్కలేదు. పద్దెనిమిదో ఏట పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో కూలీగా చేరాడు, తర్వాత అక్కడే రాత్రి కాపలా కాశాడు.

ఆల్టూనా, అహ్మది రెండూ కంపెనీలు కట్టుకున్న ఊళ్లే. ఆల్టూనాను 1849లో రైలు కంపెనీ కట్టింది. అహ్మదిని 1940ల్లో కువైట్ ఆయిల్ కంపెనీ కట్టింది. అప్పట్లో ఆ కంపెనీలో సగం వాటా గల్ఫ్ ఆయిల్‌ది, దాని పెద్దాఫీసు పిట్స్‌బర్గ్‌లో. అదీ పెన్సిల్వేనియాయే! ఆ రోజుల్లో అహ్మదిలో ఉత్తరాన తెల్లదొరల బంగళాలు, నడుమ మన దేశపు, పాకిస్తాన్ గుమాస్తాల ఇళ్లు, దక్షిణాన అరబ్బు పనివాళ్లు. ఎవరు ఎక్కడుండాలో కంపెనీ గీత గీసి పెట్టింది.

1962లో వచ్చిన పైపర్ నవల 'లిటిల్ ఫజీ'లో గ్రహం మొత్తం ఒక కంపెనీ సొత్తు. ఒక్కటే షరతు: అక్కడ తెలివిగల జీవులు ఉండకూడదు. ఓ రోజు ఒంటరి ముసలాడి గుడిసెలోకి బొచ్చు బుజ్జిగాడొకడు వస్తాడు. వాడికి బుద్ధి ఉందా లేదా? ఉందని కోర్టు తేలిస్తే కంపెనీ పట్టా చెల్లదు. కంపెనీ ఊళ్లో బతకనివాడికి ఈ కథ తట్టేదా అని నా అనుమానం.

తొలి కథ అచ్చయ్యేసరికి పైపర్‌కు నలభై మూడేళ్లు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1957 నాటి 'ఆమ్నిలింగ్వల్'. అంగారకుడి మీద అంతరించిన జాతి పుస్తకాలు దొరుకుతాయి, చదివే దారి లేదు. చివరికి గోడమీద మూలకాల పట్టిక కనిపిస్తుంది. హైడ్రోజన్ ఎక్కడైనా హైడ్రోజనే కదా, అక్కడి నుంచి భాష తాళం తెరుచుకుంటుంది. కాలేజీకి పోకుండా, సొంతంగా చదువుకున్నవాడి ఊహ అది.

ఆ రోజుల్లోనే జారుడు మొదలైంది. రైలు కొలువు పోయింది. పెళ్లి నిలవలేదు. 'లిటిల్ ఫజీ' సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో బహుమతి తుది జాబితా దాకా వెళ్లింది, 1963లో ఆ బహుమతి ఫిలిప్ కె. డిక్‌కు దక్కింది. ఇంతలో కథలు అమ్మిపెట్టే ఏజెంటు చనిపోయాడు. ఏ కథ అమ్ముడైందో, డబ్బెక్కడ ఆగిందో చెప్పే దిక్కు లేదు. డ్రాఫ్టు కోసం పోస్టుమాన్ దారి చూసిన గల్ఫ్ కుటుంబాలకు ఆ ఎదురుచూపు ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. పైపర్ మాత్రం ఎవరినీ చెయ్యి చాచి అడగలేదు. అభిమానం.

1964 నవంబరు. విలియమ్స్‌పోర్ట్ ఊళ్లోని ఇంట్లో కరెంటు, నీళ్లు అన్నీ కట్టేశాడు, రాత్రి కాపలావాడు ఆఖరి తిరుగుడు తిరిగినట్టు. అంతా చిందరవందరగా వదిలి పోతున్నందుకు నొచ్చుకుంటూ ఓ చీటీ రాసి ప్రాణం తీసుకున్నాడు. అరవై ఏళ్లు.

ఆయన పనిచేసిన రైల్‌రోడ్ మరొకదానిలో కలిసి, ఆ కలిసిన కంపెనీ 1970లో దివాలా తీసింది. 1984లో గల్ఫ్ ఆయిల్ ఇంకొకరి చేతికి పోయింది. అదే ఏడు, పోయిందనుకున్న పైపర్ మూడో ఫజీ నవల అచ్చయింది.