సేద్య విజ్ఞానంలో డాక్టరేట్: పంట కాలాలే కొలమానం

శ్రీకాకుళం: ప్రయోగశాలలో పనిచేసే పరిశోధక విద్యార్థి ఒక ప్రయోగం విఫలమైతే మరుసటి వారమే మళ్లీ మొదలుపెట్టవచ్చు. పొలంలో ప్రయోగం చేసే విద్యార్థికి ఆ వెసులుబాటు లేదు. ఖరీఫ్ చేజారితే మళ్లీ ఖరీఫ్ వచ్చే వరకు ఏడాది పాటు వేచి ఉండవలసిందే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల రైతు కుటుంబాల నుంచి వ్యవసాయ పట్టా పొంది, డాక్టరేట్ వైపు చూస్తున్న యువత ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే. ఈ చదువు ఏమిటో, దారి ఎటు సాగుతుందో, చివరకు అది మన పొలాలకు ఎలా ఉపయోగపడుతుందో తెలిపే వివరాలివి.

రకం ఒకరిది.. సాగు తీరు మరొకరిది

కళాశాలల్లో ఆగ్రానమీగా వ్యవహరించే సేద్య విజ్ఞానం పంటల ఉత్పత్తికి సంబంధించిన శాస్త్రం. కొత్త వంగడాన్ని రూపొందించేది ప్రజనన శాస్త్రం. ఆ వంగడాన్ని ఎప్పుడు విత్తాలి, ఎంత ఎడంలో నాటాలి, ఎన్ని తడులు ఇవ్వాలి, ఎరువు ఎన్ని దఫాలుగా వేయాలి, కలుపును ఏ దశలో తీయాలి అన్నవి తేల్చేది సేద్య విజ్ఞానం. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చంపావతి, వేగవతి, గోస్తని వంటి నదుల పేర్లతో చోడి రకాలను విడుదల చేసింది. శ్రీకాకుళం సమీపంలోని రాగోలు స్థానం నుంచి శ్రీకాకుళం సన్నాలు అనే వరి రకం వచ్చింది. రకం మంచిదే అయినా సాగు తీరు కుదరకపోతే గింజ గాదెకు చేరదు. ఆ లోటును పూడ్చడమే ఈ శాస్త్రం చేసే పని.

చదువు సాగే దారి

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివినవారు ఈఏపీసెట్ ద్వారా నాలుగేళ్ల బీఎస్సీ వ్యవసాయ కోర్సులో చేరతారు. శ్రీకాకుళం జిల్లా నైరాలో వ్యవసాయ కళాశాల 1989లో ఏర్పాటైంది. ఆ తరువాత రెండేళ్ల ఎమ్మెస్సీ, అటుపై పీహెచ్‌డీ. నైరా కళాశాల ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలోనిది. 1964లో హైదరాబాద్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంగా మొదలైన ఈ సంస్థకు 1996లో రంగా పేరు పెట్టారు. 2014లో రాష్ట్ర విభజన అనంతరం కేంద్రం గుంటూరు సమీపంలోని లాంకు మారింది. డాక్టరేట్ స్థాయి చదువుకు ప్రధాన కేంద్రాలు 1945లో ఏర్పడిన బాపట్ల కళాశాల, 1961లో ఏర్పడిన తిరుపతి కళాశాల. అంటే ఉత్తరాంధ్ర విద్యార్థి ఈ దశలో జిల్లా దాటక తప్పదు.

ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ, ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలోనూ చేరదలచినవారు భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్‌కూ అవకాశం ఉంటుంది. గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ దేశవ్యాప్తంగా ఏటా 750 ఫెలోషిప్‌లు కేటాయిస్తోంది. పార్వతీపురం, సీతంపేట ప్రాంతాల విద్యార్థులు దీనిని దృష్టిలో ఉంచుకోవడం మంచిది.

వంద క్రెడిట్ల లెక్క

ఐసీఏఆర్ 2021లో సవరించిన పాఠ్య ప్రణాళిక ప్రకారం పీహెచ్‌డీకి మొత్తం 100 క్రెడిట్లు. ప్రధాన విషయానికి 12, అనుబంధ విషయానికి 6, సహాయక విషయాలకు 5, సెమినార్లకు 2, పరిశోధనకు 75. కనీస గడువు మూడేళ్లు. చేరిన తొలినాళ్లలోనే విద్యార్థికి ప్రధాన మార్గదర్శకుడు, ఇతర శాఖల ఆచార్యులతో కూడిన సలహా సంఘం ఏర్పడుతుంది. తరగతి పాఠాలు ముగిశాక రాత, మౌఖిక పరీక్షల్లో నెగ్గాలి. చివరన సిద్ధాంత గ్రంథాన్ని బయటి విశ్వవిద్యాలయాల నిపుణులు పరిశీలిస్తారు. వారి ముందు మౌఖిక పరీక్షలో తన ఫలితాలను సమర్థించుకున్నాకే పట్టా.

ముప్పై ఆరు మళ్ల ప్రయోగం

పొలంలో పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో తెలుసుకోవచ్చు. చోడి పైరుకు మూడు నాటే తేదీలు, నాలుగు నత్రజని మోతాదులు పరీక్షించదలిస్తే 12 కలయికలు అవుతాయి. ఒక్కో కలయికను మూడేసి మళ్లలో వేయాలి కాబట్టి మొత్తం 36 మళ్లు. ఏ మడికి ఏ మోతాదు అన్నది విద్యార్థి ఇష్టానికి వదలక చీటీ తీసినట్లుగా నిర్ణయిస్తారు. ఒక మూల నేల సారవంతంగా ఉంటే ఆ మేలు ఒకే మోతాదుకు దక్కకుండా ఈ ఏర్పాటు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో 1919లో చేరిన ఆర్.ఎ.ఫిషర్ ఈ పద్ధతికి రూపమిచ్చారు. నేటికీ ప్రపంచమంతటా పొలం ప్రయోగాలకు ఇదే ఆధారం.

నాటింది మొదలు కోత వరకు మొక్కల ఎత్తు, పిలకలు, వెన్నులు లెక్కించాలి. మొక్కలను ఓవెన్‌లో ఆరబెట్టి బరువు తూచాలి. మట్టిని పంటకు ముందు, తరువాత పరీక్షించాలి. గట్టు పక్క వరుసలను వదిలి లోపలి పంటనే దిగుబడిగా లెక్కించాలి. రెండు మోతాదుల మధ్య కనిపించిన తేడా నిజమైనదా, కాకతాళీయమా అన్నది గణాంక పరీక్షతో తేలుతుంది.

అక్టోబరు గండం

ఒక్క ఏడాది ఫలితాన్ని సాధారణంగా అంగీకరించరు. ఆ ఏడు వాన బాగా కురిసి ఉండవచ్చు, అసలు కురవకపోయి ఉండవచ్చు. అందుకే అదే ప్రయోగాన్ని రెండో ఏడాదీ చేయాలి. మూడేళ్ల చదువులో తొలి ఏడాది పాఠాలకు పోతే మిగిలేవి రెండే ఖరీఫ్‌లు. ఉత్తరాంధ్రలో ఇక్కడే చిక్కు ఉంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వద్ద తీరం దాటి శ్రీకాకుళం జిల్లాను దెబ్బతీసింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలనూ కుదిపింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో విరుచుకుపడింది. అక్టోబరులో వరి పొట్ట, ఈనిక దశల్లో ఉంటుంది. వరుసగా వచ్చిన తొలి రెండు తుపానుల్లో పైరు కోల్పోయిన ప్రయోగమేదైనా మూడో ఖరీఫ్ కోసం ఎదురుచూడవలసిందే. గడువు పెరుగుతుంది, ఫెలోషిప్ ఆగిపోతుంది, ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవలసి వస్తుంది.

కాబట్టి చేరిన మొదటి నెలల్లోనే పరిశోధనాంశాన్ని ఖరారు చేసుకోవడం, వీలైతే తుపాను కాలం తప్పే రబీ పైరును ఎంచుకోవడం, మురుగు పోయే మెరక పొలాన్ని కోరుకోవడం వివేకం. నష్టం జరిగిన రోజునే మడి వారీగా నమోదు చేసి, ఛాయాచిత్రాలతో సలహా సంఘానికి తెలియజేయాలి. దెబ్బతిన్న మళ్లలో ఊహాంకెలు నింపడం శాస్త్రానికీ, ఆ సిఫారసును నమ్మి పెట్టుబడి పెట్టే రైతుకూ ద్రోహమే.

ప్రశ్నలు మన పొలంలోనే

అంశం కోసం దూరం వెళ్లనక్కరలేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తేమ ఉండగానే మినుము, పెసర చల్లడం ఈ ప్రాంతపు అలవాటు. ఆ తేమ ఏ నేలలో ఎన్నాళ్లు నిలుస్తుంది, విత్తన మోతాదు ఎంత ఉండాలి అన్నవి మండలానికో తీరుగా మారే ప్రశ్నలు. వంశధార, నాగావళి కాలువల శివారు భూములకు నీరు ఆలస్యంగా చేరితే నారు ముదిరిపోతుంది. అక్కడ నాట్లకు బదులు వెద పద్ధతి ఎంతవరకు లాభం? గోగు సాగు తగ్గిన మెట్ట నేలల్లో చోడి, మొక్కజొన్నల్లో ఏది నిలుస్తుంది? వీటికి జవాబులు ఇక్కడి మళ్లలోనే దొరకాలి. బాపట్లలోనో తిరుపతిలోనో చేరినవారు విశ్వవిద్యాలయం అనుమతి పొందగలిగితే ఇక్కడి పరిశోధన స్థానాల్లో ప్రయోగం వేసుకోవడం ఉభయతారకం.

పట్టా తరువాత

మండల వ్యవసాయాధికారి ఉద్యోగానికి బీఎస్సీ చాలు. కేవలం ఆ కొలువే లక్ష్యమైతే డాక్టరేట్‌కు ఏళ్లు వెచ్చించనక్కరలేదు. బోధన, పరిశోధన కోరుకునేవారికి ఇది సరైన దారి. విశ్వవిద్యాలయాల్లో సహాయ ఆచార్యులుగా, 1973లో ఏర్పాటైన వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి పరీక్షల ద్వారా ఐసీఏఆర్ సంస్థల్లో శాస్త్రవేత్తలుగా అవకాశాలుంటాయి. విత్తన, ఎరువుల సంస్థల పరిశోధన విభాగాలూ వీరిని తీసుకుంటాయి.

సిద్ధాంత గ్రంథాలను ఐసీఏఆర్ వారి కృషికోశ్ అంతర్జాల భాండాగారంలో భద్రపరుస్తున్నారు. అయితే అవి ఇంగ్లీషులో ఉంటాయి. వందల పుటల ఆ గ్రంథంలో చోడి రైతుకు కావలసింది నాటే తేదీ, ఎరువు మోతాదు, ఎకరాకు మిగిలే రాబడి. ఆ మూడింటిని తెలుగులో రెండు పుటల్లో రాసి ఊరి రైతు సేవా కేంద్రానికి అందజేయగలిగితే, ఊరు దాటి వెళ్లిన విద్యార్థి చదువు తిరిగి ఊరికి చేరినట్లే.