గోదావరి గట్టున పరాసుల ఊరు

సూర్యాపేట నుంచి కోదాడకు పోయే తొవ్వలో మునగాల వస్తుంది. ఇవాళ బస్సులో పోయేవాళ్లకు అదొక మండల కేంద్రం, అంతే. నిజాం కాలంలో మాత్రం అక్కడ బండి చక్రం ఒక రాజ్యంలోంచి ఇంకో రాజ్యంలోకి దొర్లేది. చుట్టూ నిజాం నల్లగొండ, నడుమ ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా కింద మునగాల పరగణా. నిజాం పోలీసులు తరిమితే ఆ పొలిమేర దాటి తలదాచుకున్న కార్యకర్తలెందరో. 1959 దాకా ఆ పరగణా కృష్ణా జిల్లా లెక్కల్లోనే ఉంది. అందుకే మా నల్లగొండ త్రిపురారం దిక్కువాళ్లకు యానాం కథ చెబితే తొందరగా తలకెక్కుతుంది. అదీ ఇలాంటి ముక్కే. అక్కడ చుట్టూ ఉన్నది ఇంగ్లీషువాడు, నడుమ ఉన్నది ఫ్రెంచివాడు.

కాకినాడకు 30 కిలోమీటర్ల లోపే, గౌతమీ గోదావరి నుంచి కోరంగి పాయ చీలే చోట, ఏటి గట్టున ఉంటుంది యానాం. మొత్తం 30 చదరపు కిలోమీటర్లు. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. ఫ్రెంచివాళ్ల కాగితాల్లో ఈ ఊరు ‘యానాఁవ్’. మనవాళ్లు ఫ్రెంచివాళ్లకు పెట్టిన పేరు ఇంకా అందంగా ఉంటుంది: పరాసులు. మచిలీపట్నంలో పరాసుపేట ఇప్పటికీ ఉంది. గోల్కొండ సుల్తాను అనుమతితో 1669లో వాళ్లు అక్కడ వర్తకపు కోఠీ తెరిచారు. డచ్చివాళ్లు వలందాలు, వాళ్లుండే చోటు వలందపాలెం. వచ్చిన ప్రతివాడికీ మన నోటికి తిరిగే పేరు పెట్టి, ఒక పేట కట్టబెట్టింది తెలుగు తీరం.

పరాసులు యానాంకు 1723లో వచ్చారు. వచ్చింది రాజ్యానికి కాదు, బట్టకు. గోదావరి డెల్టా నేతగాళ్ల మగ్గాల మీద దిగే నూలుబట్టకు ఐరోపాలో గిరాకీ ఎంతంటే, నరసాపురం పక్కన ఉన్న మాధవాయిపాలెం పేరు ఒక రకం బట్టకు పేరై ‘మదపోలం’గా ఫ్రెంచి నిఘంటువుల్లో ఈనాటికీ నిలిచి ఉంది. నేసినవాడి పేరు ఎక్కడా మిగల్లేదు, ఊరి పేరైనా మిగిలింది. యానాం దగ్గర పడవలకు లోతున్న నీళ్లున్నాయి. దిగువన కోరంగిలో ఓడలు కట్టే, బాగుచేసే రేవు ఉంది. పొరుగున ఇంజరంలో ఇంగ్లీషు కోఠీ ఉంది. పోటీవాడు ఎక్కడ కొంటున్నాడో అక్కడే బేరం ఉంటుందని వీళ్లకూ తెలుసు. అయినా వ్యాపారం సరిగా సాగక 1727లో వదిలేసి పోయారు. 1731లో మళ్లీ వచ్చారు.

ఆ తరువాత యానాం బతుకు ఐరోపా యుద్ధాల చేతిలో పడింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు ఇచ్చాడు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోట మీద పేలాయి. 1758 డిసెంబరులో పిఠాపురం దాపున చందుర్తి దగ్గర ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. ఆ ఒక్క పోరుతో తెలుగు తీరంలో ఫ్రెంచివాళ్ల రాజ్యం కల చెదిరింది. ఐరోపాలో యుద్ధం వస్తే ఇక్కడ ఇంగ్లీషువాడు యానాంను లాక్కునేవాడు, సంధి కుదిరితే తిరిగి ఇచ్చేవాడు. ఆఖరుకు 1814 పారిస్ ఒప్పందం ప్రకారం ఊరు ఫ్రెంచివాళ్ల చేతికే వచ్చి 1954 దాకా ఉండిపోయింది.

అలా ఊరు తిరిగి చేతికొచ్చేసరికి ఇంగ్లండు మిల్లుబట్ట వచ్చిపడుతోంది, బట్టల వ్యాపారం చితికిపోతోంది. బట్ట పోయాక ఆ రేవులో మనుషులు ఓడెక్కారు. 1828లో 15 మంది తెలుగు కూలీలు యానాంలో ఓడెక్కి హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి, చెరకుతోటల పనికి వెళ్లారు. భారతదేశం నుంచి ఒప్పంద కూలీల వలస కథ చెప్పేటప్పుడు చరిత్రకారులు ఈ పదిహేను మందితో మొదలుపెడతారు. యానాం గురించి రాసే ప్రతివాళ్లూ ఫ్రెంచి మేడల గురించి రాస్తారు. ఆ పదిహేను మందిని గోదావరి గట్టున ఎవరు సాగనంపారో అన్న దిగులు మాత్రం నన్ను వదలదు. మరో పదకొండేళ్లకు, 1839 నవంబరులో, ఉప్పెన వచ్చి కోరంగి రేవును ఊడ్చేసింది. యానాం కూడా ఆ దెబ్బ తిన్నది.

రేవు దెబ్బతిన్నా ఊరు బతికింది. దాన్ని బతికించింది పొలిమేరే. చుట్టూ ఉన్న రాజ్యంలో కుదరనిది ఇక్కడ కుదిరేది. మంగళవారం సంతకు బ్రిటిషు ఇలాకా జనం విదేశీ సరుకు కోసం, దొంగసరుకు కోసం వచ్చేవారు. 1929 శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు పద్నాలుగు, మగపిల్లవాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరం. ఆ చట్టం యానాం పొలిమేర దాకానే. పొలిమేర అవతల ఫ్రెంచి ఇలాకా. దాంతో గోదావరి జిల్లాల నుంచి పసిపిల్లలను ఎత్తుకుని పెళ్లివాళ్లు బారులు కట్టారు. ఊరికి కల్యాణపురమని పేరొచ్చింది. పేరు మంగళకరంగానే ఉంది. ఒళ్లో కూర్చోబెట్టి తాళి కట్టించిన ఆ ఆడపిల్లల బతుకుల సంగతి తలుచుకుంటే మాత్రం ఆ పేరు నోట పలకబుద్ధి కాదు.

అదే పొలిమేర మంచి కూడా చేసింది. 1870ల నాటికే ఫ్రెంచి ఇండియా మగవాళ్లు పారిస్ పార్లమెంటుకు ఒక ప్రతినిధిని ఓటేసి పంపేవాళ్లు. 1880లో యానాంకు మునిసిపాలిటీ వచ్చింది. తెల్లవాళ్లకూ స్థానికులకూ ఓటరు జాబితాలు వేర్వేరుగా పెట్టారన్నదీ నిజమే. అయినా, మన నల్లగొండ జనం మొదటి లోక్‌సభ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డికి ఓట్లు గుద్దింది 1952లో. ఆ లెక్కన చూస్తే యానాం వేలికి సిరా ముందే అంటిందనాలి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చిన్ననాటి చదువు ఈ ఊళ్లోనే. కొంత ఫ్రెంచి కూడా నేర్చుకున్నారాయన.

1947లో చుట్టూ స్వాతంత్ర్యం వచ్చింది, యానాంలో రాలేదు. 1948లో నిజాం రాజ్యం మీద పోలీసు చర్య దాకా మనకూ రాలేదు కనుక ఆ ఎదురుచూపు మనకు కొత్త కాదు. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డునున్న ఫ్రెంచి చంద్రనగర్ 1949లోనే భారతదేశంలో కలుస్తామని ఓటేసింది. యానాంకు మరో అయిదేళ్లు పట్టింది. 1954 జూన్ 13న, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు కొలువులో ఉన్న యానాం బిడ్డ దడాల రఫేల్ రమణయ్య ముందు నిలవగా ఉద్యమకారులు ఊరిని చేజిక్కించుకున్నారు. ఒక మూడు రంగుల జెండా దిగింది, ఇంకో మూడు రంగుల జెండా ఎగిరింది. 1956 మే 28న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఫ్రాన్సు ఆమోదించి అది చట్టమయ్యేసరికి 1962 ఆగస్టు 16 వచ్చింది.

మునగాల నల్లగొండలో కలిసిపోయింది. యానాం మాత్రం పక్కనున్న జిల్లాలో కలవలేదు. జనం ఇష్టం తెలుసుకోకుండా పుదుచ్చేరి, యానాం వంటి ఈ పాత ఫ్రెంచి ప్రాంతాల పాలనా హోదా మార్చరాదని ఒప్పందంలోనే రాసుకున్నారు. అందుకే ఇవాళ్టికీ యానాం 800 కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న పుదుచ్చేరి కిందే ఉంది. అక్కడి శాసనసభకు ఒక ఎమ్మెల్యేను పంపుతుంది. పన్నుల తేడాతో పెట్రోలు, మందు చవకగా దొరుకుతాయని చుట్టుపక్కల జనం ఇప్పటికీ పొలిమేర దాటుతారు.

పొరుగునే ఇంజరం ఉంది. అదే ఏరు, అదే బట్టల వ్యాపారం, అలాంటిదే ఒక తెల్లవాళ్ల కోఠీ. దాని చుట్టూ వేరే రాజ్యం లేదు. కోఠీ మూతపడ్డాక అది కోనసీమ దాపున ఒక మామూలు పల్లె అయింది.