ఆఫీసు ఇంటర్నెట్ ఆంక్షల దాటవేత

పనిచేసే చోట యాజమాన్యం మూసివేసిన వెబ్‌సైట్లను, యాప్‌లను దొడ్డిదారిన తెరవడం. ఆఫీసు ఫైర్‌వాల్ సైటు పేరు, ఐపీ చిరునామా చూసి అడ్డుకుంటుంది. వీపీఎన్ పెడితే సమాచారం గుప్తలిపిలో మరో సర్వర్ మీదుగా వెళ్తుంది. ఫైర్‌వాల్‌కు కనిపించేది ఆ సర్వర్ చిరునామా మాత్రమే. ప్రాక్సీ సైట్లు, టార్ బ్రౌజర్, ఫోన్ హాట్‌స్పాట్ ఇతర మార్గాలు.

ప్రభుత్వ కార్యాలయాల్లో: రాష్ట్ర రాజధానిని జిల్లా, మండల కేంద్రాలతో ఒకే కంప్యూటర్ నెట్‌వర్క్‌గా కలిపే ‘స్వాన్’ పథకాన్ని కేంద్రం 2005లో ఆమోదించింది.  నల్గొండ జిల్లా పెద్దవూర లాంటి మండల కేంద్రంలో ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్‌కు ఎవరైనా క్రికెట్ చూడటానికి సొంత ఫోన్ హాట్‌స్పాట్ కలిపితే, ఫైర్‌వాల్ కాపలా లేని దారి తెరుచుకుంటుంది. అటునుంచి చొరబడిన మాల్‌వేర్ పక్క కంప్యూటర్లకూ పాకవచ్చు.

ముప్పు, చట్టం: ఏయే సైట్లు చూస్తున్నారో ఉచిత వీపీఎన్ నడిపేవారికి తెలిసిపోతుంది. భారత్‌లో వీపీఎన్ వాడకం నేరం కాదు. అయితే ప్రభుత్వ ఉద్యోగులు బయటి వీపీఎన్‌లు, టార్ వాడరాదని 2022 జూన్‌లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అనుమతి లేకుండా కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడటం, వైరస్ ఎక్కించడం ఐటీ చట్టం–2000 సెక్షన్ 43 కిందకు వస్తాయి. మోసపూరితంగా చేస్తే సెక్షన్ 66 ప్రకారం 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రైవేటు సంస్థల్లో ఉద్యోగ ఒప్పందాన్ని బట్టి మెమో నుంచి ఉద్యోగం ఊడటం దాకా చర్యలుంటాయి.