వేలికొసలకు తెలిసే శబ్దయంత్రం

1963వ సంవత్సరంలో కడపలో ఆకాశవాణి కేంద్రం ఏర్పడినది. అంతకు పూర్వం కడప, కర్నూలు జిల్లాల శ్రోతలకు 1938లో ఆరంభమైన మదరాసు కేంద్రమో, 1948లో ఆరంభమైన విజయవాడ కేంద్రమో, హైదరాబాదు కేంద్రమో దిక్కు. పగటివేళ అంత దూరం నుండి వచ్చే మధ్యతరంగాలు బలహీనంగా ఉండును. దగ్గరలోనే కేంద్రం వెలసిన తరువాత చిన్న పెట్టెకు సైతం స్పష్టమైన పలుకు అందినది. పత్రిక చదువలేని అంధునికి ఇది ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే వినుట వేరు, యంత్రాన్ని నడుపుట వేరు. రేడియో చెవికోసమే పుట్టినను, దానిని తయారుచేసినవారు కంటినే నమ్ముకొన్నారు. పాత వాల్వు రేడియోలలో అద్దం వెనుక ముల్లు, వెలిగే దీపం, కొన్నింటిలో కేంద్రం సరిగా కుదిరినదని తెలిపే పచ్చని 'మేజిక్ ఐ' ఉండెడివి. అంధునికి ఇవి ఏవియు ఉపకరించవు.

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు కనుగొనబడినది. 1954లో ఆ దేశంలోనే ట్రాన్సిస్టరు రేడియో విక్రయానికి వచ్చినది. విద్యుత్తు లేని మెట్టపల్లెలలో కూడ చిన్న బ్యాటరీలతో ఇది పనిచేయును. మీట త్రిప్పగానే 'టిక్కు'మని పలికి, వాల్వులు వేడెక్కువరకు ఆగక వెంటనే మాటలాడును. బ్యాటరీ ధనధ్రువం వద్ద బొడిపె, పెట్టెలో ఋణధ్రువం వైపు స్ప్రింగు ఉండుటచే వాటిని తడిమి అమర్చవచ్చును. లోపలి ఫెర్రైటు కడ్డీ కొన కేంద్రంవైపు ఉన్నపుడు ధ్వని తగ్గును. కడ్డీ అడ్డంగా ఉన్నపుడు హెచ్చును. కనుక పెట్టెను ఏ దిక్కుకు త్రిప్పవలెనో చెవియే చెప్పును.

పుస్తకాల చరిత్ర మరింత పాతది. 1877లో ఫోనోగ్రాఫును నిర్మించిన ఎడిసన్, మరుసటి ఏడే దాని ఉపయోగాలలో అంధులకు చదివి వినిపించే పుస్తకాలను పేర్కొన్నాడు. కాని నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం ఒక ప్రక్క నాలుగైదు నిమిషాలే పలికెడిది. నవలకు ఎన్ని పళ్లెములు కావలెనో ఊహింపుడు! 1934లో అమెరికాలోను, 1935లో బ్రిటనులోను నెమ్మదిగా తిరిగే పళ్లెములతో 'మాటలాడే పుస్తకాలు' వెలువడినవి. 1963లో ఫిలిప్స్ సంస్థ కాసెట్టును ప్రవేశపెట్టగా, సూదిని గాడిలో నిలిపే శ్రమ తప్పినది. ఆపిన చోటనే కథ మరల ఆరంభమగును. అయినను రెండు ప్రక్కలు చేతికి ఒకే తీరుగా తోచును. గుర్తుకు ఒక ప్రక్క చుక్క అంటింపవలసినదే.

తరువాత అంకాత్మక విధానం వచ్చినది. అధ్యాయం నుండి అధ్యాయానికి పోవుటకు వీలైన 'డైసీ' పుస్తకాల కొరకు 1996లో అంతర్జాతీయ సంఘం ఏర్పడినది. ముద్రిత గ్రంథాలను అంధులకు అనువైన రూపంలోనికి మార్చుటకు 2013లో మరాకేష్ ఒడంబడిక కుదిరినది. 2014లో దానిని మొట్టమొదట ధ్రువపరచిన దేశం భారతదేశమే. కాని అదే కాలంలో మీటలు మాయమై, తాకుతెరలు వచ్చినవి. నున్నని అద్దంపై వ్రేలికి ఏ గుర్తును దొరకదు. తెరపై ఉన్నదానిని యంత్రమే చదివి వినిపించినపుడు మాత్రమే ఆ లోటు తీరును.

ఈ చరిత్ర నేర్పు పాఠం సులభమైనది. అంధుల ఇంటికి యంత్రం కొనునపుడు ధరను, నాదాన్ని మాత్రమే చూచిన చాలదు. వాడబోవువారి చేతికే దానిని ఇచ్చి చూడవలెను. మీటలు ఆకారంలో వేరువేరుగా ఉన్నవా? ధ్వని మీటకు మొదలు, తుది తెలియునా? వెలిగినదో ఆరినదో చెవికి తెలియునా? విద్యుత్తు పోయి వచ్చిన పిమ్మట అమరికలు నిలుచునా? ఉపాధ్యాయులు తరగతిలో విద్యార్థుల కన్నులకు గుడ్డ కట్టి, ఒక రేడియోలో కడప కేంద్రాన్ని పట్టుమని అడిగి చూడవచ్చును. యంత్రం లోపమేదో, మనిషి లోపమేదో అపుడు వారికే తేటపడును.