తీగలోని రొద

పాటకూ, వినేవాని చెవికీ నడుమ పిలవని పేరంటంగా వచ్చి కూర్చునే రొద నిన్న మొన్నటిది కాదు. ల్యాప్‌టాప్‌ను ఇంటిలోని యాంప్లిఫైయరుకు కలిపినప్పుడు పాట వెనుక గుయ్యిమని సాగే హోరునకు 140 ఏండ్లకు పైబడిన వంశచరిత్ర కలదు. అది మొదట వినిపించినది టెలిఫోనులో.

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో టెలిఫోనుకు పేటెంటు పొందినాడు. ఆ తొలి రోజులలో ఒక్కొక్క చందాదారుకు ఒకే ఇనుపతీగ ఉండేది. విద్యుత్తు వెళ్ళుటకు తీగ సరే, తిరిగి వచ్చుటకు దారి ఏది? భూమియే. ఇది టెలిగ్రాఫువారు నేర్పిన పొదుపు. రెండవ తీగ ఖర్చు లేదు. చివర ఒక లోహపు పలకను నేలలో పాతితే చాలును. టెలిగ్రాఫు టకటకలకు దీనివలన లోటు కలుగలేదు గాని, టెలిఫోను చెవి మహా సున్నితమైనది. పక్క తీగలోని టెలిగ్రాఫు చప్పుళ్ళు, పొరుగువారి సంభాషణలు, ఎక్కడివో తెలియని చిటపటలు అన్నీ అందులో వచ్చి చేరినవి. బెల్ సహాయకుడు థామస్ వాట్సన్ బోస్టన్‌లో రాత్రివేళ కూర్చుండి ఈ శబ్దాలను వినేవాడు. సూర్యునిలోని విస్ఫోటనాలో, మరొక గ్రహంవారి సంకేతాలో ఇందుకు కారణం కావచ్చునని అప్పట్లో అనుకొన్నట్లు ఆయనే తరువాత వ్రాసుకొన్నాడు. నవ్వి త్రోసివేయవలసిన ఊహ కాదు. రేడియో గ్రాహకంలో తాను పట్టుకొన్న ఒక సన్నని బుస పాలపుంతనుండి వస్తున్నదని 1933లో కార్ల్ జాన్‌స్కీ లోకానికి తెలిపినాడు గదా!

అయితే టెలిఫోనుకు అసలు పీడ ఆకాశంనుండి గాక నేలనుండియే వచ్చినది. 1888లో ఫ్రాంక్ స్ప్రేగ్ అమెరికాలోని రిచ్‌మండ్ నగరంలో విద్యుత్ ట్రాములను జయప్రదంగా నడిపించిన పిమ్మట, ఇతర నగరాలవారు వరుసగా ఆ దారి పట్టినారు. ట్రాముకు పైన ఒక తీగ ఉండును. తిరుగు ప్రవాహం పట్టాలలోనికి, పట్టాలనుండి కొంత నేలలోనికి పోవును. టెలిఫోనులు ఆధారపడినదీ ఆ నేలమీదనే. వీధిలో ట్రాము కదిలినప్పుడు ఇంటిలో టెలిఫోను హోరెత్తిపోయేది. కంపెనీలు న్యాయస్థానాలకెక్కినవి. సిన్సినాటి నగరపు వ్యాజ్యంలో ఒహాయో రాష్ట్ర సుప్రీంకోర్టు 1891లో ట్రామువారి పక్షాన తీర్పు చెప్పినది. వీధి ముఖ్యంగా ప్రజల రాకపోకలకు ఉద్దేశింపబడినది. భూమిని తిరుగుదారిగా వాడుకొన్నంత మాత్రాన దానిపై టెలిఫోను కంపెనీకి గుత్తహక్కు సంక్రమించదు అని దాని సారాంశం. కోర్టులో కంపెనీ ఓడుటయే శ్రోతకు మేలైనదని నా అభిప్రాయం. ఎందుకనగా, మందు అప్పటికే సిద్ధంగా ఉన్నది; ఖర్చుకు జంకి దానిని అందరికీ వేయలేదు, అంతే.

ఆ మందు బెల్ 1881లో పేటెంటు పొందినదే. భూమిని విడిచి, వెళ్ళుటకొక తీగ, వచ్చుటకొక తీగ ఏర్పరచి, రెంటినీ జడవలె పెనవేయవలెను. అప్పుడు బయటినుండి వచ్చే రొద రెండు తీగలమీద ఇంచుమించు సమానంగా పడును. వినే యంత్రం రెంటికీ గల భేదాన్ని మాత్రమే గ్రహించును గనుక, సమానంగా పడిన రొద తనకు తానే కొట్టివేయబడును. తీగ ఖర్చు రెట్టింపయినను, ట్రాముల ధాటికి కంపెనీలు క్రమంగా జంటతీగలకు మారక తప్పలేదు.

ల్యాప్‌టాప్‌లో మనం గుచ్చే ప్లగ్గు కూడా టెలిఫోను ఎక్స్ఛేంజి బిడ్డయే. చందాదారులను ఒకరితో ఒకరిని కలుపుటకు ఆపరేటర్లు వాడిన 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు కాలక్రమాన ట్రాన్సిస్టరు రేడియోలకోసం 3.5 మిల్లీమీటర్లకు చిక్కినది. దాని కొనభాగం ఎడమ చెవికి, నడుమనున్న కట్టు కుడి చెవికి. మొదలుభాగం రెంటికీ ఉమ్మడి తిరుగుదారి. బెల్ వదలించుకొన్న ఉమ్మడి కాపురం ఈ విధంగా మళ్ళీ వచ్చినది!

హెడ్‌ఫోన్‌కు మాత్రమే తగిలిస్తే దీనివలన పెద్ద చిక్కు లేదు. కరెంటుతో నడిచే యాంప్లిఫైయరుకు కలిపినప్పుడు కథ మారుతుంది. చార్జరుద్వారా ల్యాప్‌టాప్, తన ప్లగ్గుద్వారా యాంప్లిఫైయరు వేరువేరు చోట్ల ఇంటి ఎర్త్‌ను తాకినవనుకొందాము. ఆ రెండు చోట్లకూ విద్యుత్ పీడనంలో రవంత భేదమున్నను, పాట వచ్చే తీగ ఉమ్మడి కొసలో అన్య ప్రవాహం పారును. మన కరెంటు 50 హెర్ట్జ్ గనుక హోరు ఆ స్థాయిలోనో, దాని రెట్టింపులోనో వినిపించును. చార్జరు ఊడదీసి చూడవలెను. హోరు ఆగినచో దారి దొరికినట్లే. రెండు ప్లగ్గులనూ ఒకే బోర్డులో పెట్టుట మొదటి ఉపాయం. అది చాలకపోతే, పాట తీగ నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ల పెట్టెను పెట్టుట రెండవది. పాత ఒంటితీగ లైనును కొత్త జంటతీగకు కలుపుటకు టెలిఫోనువారు వాడినదీ ఇటువంటి చుట్టనే. పాట అయస్కాంత ప్రభావంవలన దాటును. తీగల సంబంధం లేదు గనుక ఎర్త్ ప్రవాహం దాటలేదు.

హోరు పోవునని మూడుపిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును విరిచివేసేవారు కలరు. హోరు పోవుట నిజమే. కాని లోపల తీగ తెగి యంత్రపు లోహపు ఒంటికి తగిలిననాడు, దానిని ముట్టినవారి ప్రాణం కూడా పోవచ్చును. ఇంటిలో పిల్లలున్నవారు ఈ పని ఎన్నడూ చేయరాదు.

బ్యాటరీమీద, వట్టి హెడ్‌ఫోన్‌తో కూడా మౌస్ కదిలినప్పుడెల్లా కీచుమన్నచో, తప్పు ల్యాప్‌టాప్ లోపలిది. యూఎస్‌బీకి తగిలించే చిన్న ధ్వనిపరికరం తరచుగా దానిని తప్పించును. నిశ్శబ్దం తరువాత టప్పుమని మ్రోగుట ధ్వనిభాగం పొదుపుకోసం నిద్రించి మేల్కొనుటవలన కావచ్చును. సెట్టింగులలో ఆ పొదుపును ఆపి చూడవచ్చును. ఇక మిగిలే సన్నని బుసలో కొంత, పదార్థంలోని ఎలక్ట్రానుల వేడిమి కదలికయే. బెల్ ప్రయోగశాలలో జాన్సన్ దానిని కొలువగా, నైక్విస్ట్ లెక్కకట్టి చూపినాడు. వారి వ్యాసాలు రెండూ 1928లో వెలువడినవి. ఆ బుసను తగ్గించవచ్చును గాని, బొత్తిగా తీసివేయుటకు వీలులేదు.